తుడిచినా పోని ‘గోదావరి’: సింక్‌థింగ్‌తో నా అనుభవం

మన యంత్రాల్లోని ఫోల్డర్లను ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేర్ సింక్‌థింగ్. దాన్ని ఎలా ఎక్కించుకోవాలో, రెండు కంప్యూటర్లను ఎలా కలపాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. మన ఫైళ్లు ఏ కంపెనీ సర్వరులోనూ మకాం పెట్టకుండా మన యంత్రాల మధ్యే తిరుగుతాయి, డబ్బు కట్టనక్కరలేదు, కోడ్ ఎవరైనా చూడవచ్చు. ఇవన్నీ అందరూ మెచ్చుకునేవే. 2013లో మొదలైన ఈ ప్రాజెక్టు మీద నాకున్న అభిమానానికి కారణం మాత్రం వేరు. ఫోల్డరు సెట్టింగుల్లో ‘ఫైల్ వెర్షనింగ్’ అని, ఫైలు మారినా తుడిచినా పాత ప్రతిని దాచిపెట్టే ఒక ట్యాబు ఉంటుంది. చాలామంది దాని జోలికే పోరు. మనం ఆన్ చేయనిదే అది పని చేయదు. నన్నడిగితే ఈ సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం అక్కడే ఉంది.

మేముండేది విశాఖలోని ఎంవీపీ కాలనీలో. మా మామయ్యగారిది ఊరికి ఆ చివర కూర్మన్నపాలెం. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఎన్‌ఏడీ కూడలి దాటుకుని ఆ చివరికి వెళ్లి రావాలంటే సగం పూట పోతుంది కాబట్టి, ఆయన కంప్యూటరుకు ఏ రోగం వచ్చినా ఫోనులోనే వైద్యం. కొంతకాలంగా ఆయన తన ఉద్యోగ జ్ఞాపకాలు రాస్తున్నారు. లిబ్రె ఆఫీస్‌లో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద, రెండు చూపుడు వేళ్లతో. కర్మాగారంలో ఇనుము తయారుచేసే పెద్ద కొలిములు, అంటే మూడు బ్లాస్ట్ ఫర్నేసులకూ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి కదా, అధ్యాయాలకూ ఆయన ఆ పేర్లే పెట్టుకున్నారు. 1990లో మొదటి ఫర్నేసును వెలిగించిన రోజుల గురించి రాసిన అధ్యాయం ‘గోదావరి’. ఆ ఫోల్డరును మా ఇంట్లో ఒక మూల ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత ల్యాప్‌టాప్‌కు కలిపాను. ఆయన సేవ్ చేసిన కాసేపటికి ఆ మార్పు ఇక్కడికి వచ్చేస్తుంది.

వెర్షనింగ్‌లో పద్ధతులు కొన్ని ఉన్నాయి. నేను పెట్టుకున్నది ‘స్టాగర్డ్’, అంటే అంచెలవారీగా నిలవ చేసే పద్ధతి. ఫైలు మారినప్పుడల్లా పాత ప్రతిని దాగి ఉండే ఒక ఫోల్డరులోకి జరుపుతుంది. గడిచిన గంటలో మార్పులైతే అర నిమిషానికొకటి, గడిచిన రోజులోవైతే గంటకొకటి, ముప్పై రోజుల లోపువైతే రోజుకొకటి, అంతకంటే పాతవైతే వారానికొకటి చొప్పున ఉంచి మిగతావి తీసేస్తుంది. మనం మార్చకపోతే గరిష్ఠ గడువు 365 రోజులు. కాలం వెనక్కి వెళ్లేకొద్దీ మనకు అంత సూక్ష్మంగా అవసరం ఉండదన్న లెక్క ఇది. ఈ లెక్క వేసిన వాళ్లెవరో రాత పని తెలిసినవాళ్లే అయి ఉంటారని నా అనుమానం.

ఒక రాత్రి మామయ్యగారు తన పాత సహోద్యోగి ఒకాయనతో ఫోనులో మాట్లాడారు. ఫర్నేసు వెలిగించిన రోజు షిఫ్టులో ఎవరెవరు ఉన్నారన్న విషయం మీద మాటా మాటా పెరిగింది. ఆయన ఫోను పెట్టేసి ‘గోదావరి’ తెరిచి నాలుగైదు పేరాలు కొట్టేశారు. అప్పటికీ కోపం చల్లారక ఫైలునే తుడిచేశారు. అంతటితో ఆగక రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు.

కొన్ని వారాల తర్వాత అత్తయ్యగారు ఫోన్ చేశారు. “మీ మామయ్యగారు భోజనం కూడా సరిగ్గా చేయడం లేదు బాబూ. రాసిందేదో పోయిందట. మిమ్మల్ని అడగడానికి మొహమాటపడుతున్నారు” అన్నారు. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ ఫోల్డరు కింద ఉన్న ‘వెర్షన్స్’ బొత్తాము నొక్కాను. జాబితాలో ‘గోదావరి’ ఉంది. పేరు పక్కన బాణం నొక్కితే తేదీ, సమయంతో సహా పాత ప్రతులన్నీ వరుసగా కనిపించాయి. దాగిన ఫోల్డరులోకి నేరుగా వెళ్లి చూసినా ఇదే. అక్కడ ప్రతి ఫైలు పేరు చివరా ఒక అల గీత, ఆ తర్వాత ఏడాది, నెల, తేదీ, ఒక అడ్డగీత, గంటలు, నిమిషాలు, సెకన్లు అంకెల్లో ఉంటాయి. కోపం వచ్చిన రోజుకు ఒక ప్రతి మిగిలింది. దాని ముందు రోజుది ఇంకొకటి ఉంది. ముందు రోజుది ఎంచుకుని పునరుద్ధరించమన్నాను.

అసలు ఆనందం ఇక్కడే. నేను ఇక్కడ పునరుద్ధరించడం అంటే ఆ ఫోల్డరులోకి ఒక ఫైలు కొత్తగా వచ్చినట్టే కాబట్టి, అది తనంతట తానుగా కూర్మన్నపాలెం చేరిపోయింది. మెయిలు, పెన్‌డ్రైవు ఏవీ అక్కరలేకపోయాయి. అవతల ఫోనులో మామయ్యగారి నిట్టూర్పు వినిపించింది. ఆ తర్వాత ఆయన అన్న మాట మాత్రం నేను ఊహించలేదు.

“అల్లుడుగారూ, నేను తుడిచేసిందంతా మీ దగ్గర భద్రంగా ఉంటుందా? ఎప్పటి నుంచీ?”

కృతజ్ఞత ఉంది, కానీ దాని కింద ఇంకేదో కూడా ఉంది. మర్నాడు ఆయనే విప్పి చెప్పారు. “చించి పారేసిన చిత్తు కాగితాన్ని పక్కింటివాళ్లు ఏరి, అతికించి, తెచ్చి ఇచ్చినట్టుంది. మంచిదే. కానీ పారేసే హక్కు నాకు లేదా?” ఆయన ఎవరి మీదో ఏదో రాసుకుని, మనసు మార్చుకుని కొట్టేసిన వాక్యాలు ఏడాది పాటు అల్లుడి ఇంట్లో ఉంటాయి. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. అది చేస్తానన్న పనే చేసింది. కానీ నేను ఇంతవరకూ వరంగా చూసిన గుణం ఇంకొకరికి నిఘాగా అనిపించవచ్చని ఆయన చెప్పాకే తట్టింది. ఇప్పుడు ఆయన ‘చిత్తు’ అని వేరే ఫోల్డరు పెట్టుకున్నారు. అది ఎవరితోనూ కలవదు. మనసుకు నచ్చాక సాపు ప్రతి మాత్రమే కలిసిన ఫోల్డరులోకి వస్తుంది. గడువు కూడా ఏడాది నుంచి మూడు నెలలకు తగ్గించమన్నారు, తగ్గించాను. కాబట్టి ఇంకోసారి అలాంటి రాత్రి వస్తే చిత్తులో పోయిన పేరాలను ఈ వెర్షనింగ్ కాపాడలేదు.

అదృష్టం పాలు కూడా ఇందులో తక్కువేమీ కాదు. అవతలి యంత్రం నుంచి వచ్చిన మార్పులకే పాత ప్రతి నిలుస్తుంది. మామయ్యగారు తన కంప్యూటరులో తుడిచింది నా దగ్గర మిగిలింది. అదే నేను నా ల్యాప్‌టాప్‌లో తుడిచి ఉంటే నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆయన వైపు వెర్షనింగ్ ఆన్‌లో ఉంటేనే అక్కడ దొరికేది. అందుకే రెండు వైపులా పెట్టాలి. నా ల్యాప్‌టాప్ ఆ సాయంత్రం కరెంటు పోయి ఆగి ఉంటే మధ్యలో జరిగిన మార్పులు దానికి తెలియవు, చివరి రూపమే చేరుతుంది. ఇక పాత ప్రతులన్నీ మామూలుగా అదే డిస్కులో ఉంటాయి. డిస్కు పోతే అన్నీ పోయినట్టే. పైగా మా రెండు యంత్రాలూ ఒకే ఊళ్లో ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన విశాఖవాసికి దీని అర్థం వివరించనక్కరలేదు. మూడో ప్రతి హైదరాబాద్‌లో మరదలి కంప్యూటరులో ఉంది. అక్కడికి ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే సంకేతపదం లేనిదే అర్థం కాని, రూపంలోనే వెళ్లేలా ఫోల్డరుకు సంకేతపదం పెట్టాం కాబట్టి ఆమె తెరిచినా చదవడం కుదరదు. ఈ ఏర్పాటు మామయ్యగారికి బాగా నచ్చింది.

ఫోను సంగతి కొస్తే నా ఉత్సాహం సగానికి పడిపోతుంది. అధికారిక ఆండ్రాయిడ్ యాప్‌ను 2024 డిసెంబరుతో ఆపేశారు. వేరే వాళ్లు కొనసాగిస్తున్న ‘సింక్‌థింగ్ ఫోర్క్’ వాడుతున్నాను. బాగానే ఉంది, కానీ నా ఫోను బ్యాటరీ పొదుపు పేరుతో దాన్ని తరచూ నిద్రపుచ్చుతుంది. ఆ పొదుపు జాబితాలోంచి దాన్ని తప్పిస్తే కొంత నయం. ఒకసారి మా వీధిలో కేబుల్ తెగి నెట్టు లేనప్పుడు కూడా ఫోనులోని ఫొటోలు ఇంటి వైఫై మీదుగా ల్యాప్‌టాప్‌కు చేరడం చూసి సంతోషించాను. ఒకే ఇంట్లోని యంత్రాల మధ్య దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు. ఫొటోల ఫోల్డరుకు మాత్రం అంచెల పద్ధతి వద్దు. తుడిచిన వీడియోలన్నీ పేరుకుపోయి డిస్కు నిండుతుంది. దానికి చెత్తబుట్టలాగా పనిచేసే ‘ట్రాష్ క్యాన్’ పద్ధతి, ముప్పై రోజుల గడువు పెట్టుకున్నాను.

కొనమని చెప్పే వస్తువు కాదు కాబట్టి తీర్పు కూడా గట్టిగా ఇవ్వలేను. నాకు పనికొచ్చింది, ఎందుకంటే మా ఇంట్లో రోజంతా ఆన్‌లో ఉండే యంత్రం ఉంది, సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక ఉంది, అవతల రాసేవారు వాక్యానికి వాక్యం మార్చే మనిషి. ఫొటోలు దాచుకోవడమే పని అయితే ఇంత తతంగం దండగ. ఐఫోనుకు అధికారిక యాప్ లేదు కాబట్టి అవి వాడే ఇళ్లకు నేను చెప్పను. ఇంకొకరి ఫోల్డరును మీ దగ్గరికి కలుపుకుంటుంటే మాత్రం, వెర్షనింగ్ గడువు ఎంత ఉండాలో ముందు వాళ్లనే అడగండి.