లైబ్రరీ పుస్తకమా, కొన్న పుస్తకమా, ఫోనులో పుస్తకమా?

మనవరాలికి మూడేళ్లు నిండాయి. పదిహేను రోజులకోసారి దాన్ని చంకనేసుకుని శాఖా గ్రంథాలయానికి వెళ్తున్నానని తెలిసి మా అబ్బాయి, "ఎండలో ఎందుకు నాన్నా, ఓ పది పుస్తకాలు ఆర్డరు పెట్టేస్తాను" అన్నాడు. మూడు రకాలూ వాడి చూసినవాణ్ని కాబట్టి నా లెక్క నేను చెప్తాను.

రెండేళ్లలోపు పిల్లకైతే వాదనే లేదు, దళసరి అట్ట పుస్తకం కొనాల్సిందే. ఆ వయసులో పుస్తకం సగం చూడ్డానికి, సగం నమలడానికి. ఊరందరి పుస్తకాన్ని నమిలించలేం కదా. కాస్త పెద్ద పిల్లలకు కొనాలన్నా ధరకి భయపడక్కర్లేదు. ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థల పల్చటి బొమ్మల పుస్తకాలు చాలావరకు వంద రూపాయల లోపే. కొనడంలో అసలు చిక్కు వేరే ఉంది: మనకు నచ్చినవే కొంటాం. నేను కొన్న ఐదింటిలో నాలుగు నీతికథలు. పిల్ల వాటి మొహం కూడా చూడలేదు.

లైబ్రరీలో పిల్లే వెతుక్కుంటుంది. పిల్లల పుస్తకాలన్నీ పై అరలో పెట్టారు, అదొక విడ్డూరం. ఎత్తుకుని చూపిస్తే వేలు పెట్టి లాగింది పేడపురుగు పుస్తకాన్ని. కొట్లో అయితే నా చెయ్యి దానిమీద పడేదే కాదు. పురుగు పేడ ఉండను గట్టు ఎక్కిస్తుంది, కాగితం తిప్పితే ఉండ మాయం. మధ్యలో ఒక కాగితం ఎవరో చింపేశారు. "ఉండ ఏమైందే?" అన్నాను. మొదటిరోజు కాకి ఎత్తుకుపోయింది. మర్నాడు వాళ్ల అత్త తొక్కేసింది. పదిహేను రోజుల్లో ఎన్ని కథలయ్యాయో! కాగితాలన్నీ ఉంటే నేను చదవడం, అది వినడం, అంతే అయ్యేది. చిన్నపిల్లలతో పుస్తకమంటే గడగడా చదివెయ్యడం కాదు, బొమ్మ దగ్గర ఆగి అడగడం, జవాబుకి ఓపిగ్గా కాచుకోవడం అని నాకు అప్పుడు తెలిసొచ్చింది.

కొన్ని పాత పుస్తకాల తెలుగు బిర్రబిగుసుకుని ఉంటుంది. "నదీతీరమునకు" అని ఉంటే "ఏటి ఒడ్డుకి" అని మార్చి చదివేస్తాను.

తిరిగి ఇచ్చెయ్యాలన్న గడువు కూడా మేలే చేస్తుంది. కొన్నది రేపు చదవొచ్చులే అని బీరువాలో పడుంటుంది. అన్నట్టు, ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, వాడుకోకపోతే ఎలా?

ఇక ఫోను. 2015లో ప్రథమ్ బుక్స్ వాళ్లు మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు బోలెడు, అన్నీ ఉచితం, నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి. దూరదేశాల్లో ఉండి తెలుగు పుస్తకం దొరకనివాళ్లకు అది వరమే. కానీ మా పిల్ల చేతికి ఫోనిస్తే బొమ్మ మీద వేలు ఆగదు, నెట్టేస్తూ పోతుంది. రెండో కథకే పైనుంచి ఏదో మెసేజీ దిగుతుంది, కథ గోవిందా. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలను తెర ముందు కూర్చోబెట్టడం రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తక్కువైతే ఇంకా మంచిదనీ అంది. నచ్చిన కథను ప్రింటు తీయించి దారంతో కుట్టి ఇస్తున్నాను. అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

మూడేళ్ల పిల్లకు నా ఓటు లైబ్రరీకే. ఇచ్చేశాక కూడా మళ్లీ మళ్లీ అడిగినదాన్నే కొనాలి. అబ్బాయికి అదే చెప్పాను: పది వద్దురా, పేడపురుగుది ఒక్కటి పంపు.

వచ్చింది, కొత్తది, కాగితాలన్నీ ఉన్నది. పిల్ల గట్టుదాకా తిప్పింది. తర్వాతి కాగితంలో ఉండ దొర్లుకుంటూ వెళ్లి నీళ్లలో పడింది. కాసేపు చూసి పుస్తకం నా ఒళ్లో పెట్టేసింది.

"ఇది కాదు తాతా, మన పురుగు."