సీనియర్ ఆఫీసు, లీగల్ ఎయిడ్, ఎన్జీవో: పేదల కేసులు వాదించాలనుకునే కొత్త లాయరుకి బెంగళూరులో ఏది మేలు?

లా పూర్తిచేసిన మన పిల్లలు కొందరు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇది. అనంతపురం నుంచో కర్నూలు నుంచో వచ్చినవాళ్లూ ఉంటారు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లూ ఉంటారు. "కంపెనీల కేసులు వద్దు మేడమ్, కూలీనాలీ చేసుకునేవాళ్ల తరఫున నిలబడాలి. ఎక్కడ చేరమంటారు?" నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి రెండేళ్లు, వీలైతే మూడేళ్లు, కింది కోర్టుల్లో రోజూ కేసులు నడిపే సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరండి. లీగల్ ఎయిడ్, ఎన్జీవో ఆ తర్వాత. డబ్బు విషయంలో మాత్రం ఈ సలహాకు ఒక మినహాయింపు ఉంది, అదీ చెబుతాను.

ముందు మన దగ్గరికి వచ్చేది ఎవరో చూడాలి. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, వాళ్లలో ఎక్కువమంది దళితులు. వైట్‌ఫీల్డ్ వైపు లేచే అపార్ట్‌మెంట్ల పక్కన రేకుల షెడ్లలో రాయలసీమ నుంచీ పాలమూరు నుంచీ వచ్చిన కూలీలు ఉంటారు. పీణ్య, బొమ్మనహళ్లి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. వీళ్లు తెచ్చే గోడు ఏమిటి? ఆగిపోయిన జీతం, రాని గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము), పరంజా మీంచి పడితే అందని నష్టపరిహారం, తాగొచ్చి కొట్టే మొగుడు, రిమాండ్‌లో ఉన్న కొడుకు. ప్రజాప్రయోజనం అనగానే మనకు హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) గుర్తొస్తుంది. దాని విలువ చిన్నది కాదు. కేజీఎఫ్‌లో పుట్టిన బెజవాడ విల్సన్ ముందుండి నడిపిన, చేతులతో మలం ఎత్తే పని పోవాలని పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో, మురుగుకాలువలో దిగి చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో మరో కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. అయితే ఆ 30 లక్షలు ఆ ఇల్లాలి ఖాతాలో పడాలంటే ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, వారసుల సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే లాయరు ఒకరు కావాలి. ఆ పని ఎక్కడ చేతికి వస్తుందో అదే మంచి చోటు అంటాను.

లీగల్ ఎయిడ్ సంగతి చూద్దాం. 1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణ దీనికి మూలం. 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం వచ్చింది, 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దానిలోని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరు దొరకాలి. అంటే నేను పైన చెప్పినవాళ్లలో దాదాపు అందరూ అర్హులే. 15100కి ఫోన్ చేసినా, సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగులకి (రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసు) వెళ్లినా దారి చూపిస్తారు.

లాయరు వైపు నుంచి చూస్తే అంత సులువు కాదు. ప్యానెల్‌లో, అంటే లీగల్ ఎయిడ్ కేసులు అప్పగించే లాయర్ల జాబితాలో, పేరు ఎక్కాలంటే మామూలుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. కొత్తవాళ్లకు తెరిచి ఉన్న తలుపు, పేద నిందితుల తరఫున వాదించడానికి లీగల్ ఎయిడ్ వాళ్లు నడిపే డిఫెన్స్ కౌన్సిల్ పథకంలోని అసిస్టెంట్ పోస్టు. దానికి మూడేళ్లలోపు క్రిమినల్ ప్రాక్టీసు ఉన్నా చాలు. నెలనెలా గౌరవ వేతనం వస్తుంది. ప్రైవేటు కేసులు తీసుకోకూడదు, మొదట రెండేళ్ల కాంట్రాక్టు, పనితీరు నచ్చితే ఏడాదికోసారి పొడిగిస్తారు. క్రిమినల్ పని మీద నిజంగా మనసున్నవాళ్లకు ఇంతకన్నా మంచి బడి లేదు. పరప్పన అగ్రహార జైల్లో ఉన్నవాడికి బెయిలు వచ్చినా ష్యూరిటీ (పూచీ ఇచ్చే మనిషి) లేక బయటికి రాలేకపోవడం మీరు అక్కడ కళ్లారా చూస్తారు. కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్‌లోని 479వ సెక్షన్ ప్రకారం, ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీని గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడవగానే బాండు మీద విడిచిపెట్టాలి. ఇతరత్రా పెండింగ్ కేసులుంటే లెక్క వేరు. జైలుకి వెళ్లి ఆ లెక్క వేసేవాళ్లు లేకపోతే ఆ సెక్షన్ ఉన్నా లేనట్టే.

లోటు ఎక్కడంటే, ఈ పథకం క్రిమినల్ కేసులకే. జీతం రాలేదన్న అక్కకి మీరు ఏమీ చెయ్యలేరు. ఫైళ్ల బరువూ ఎక్కువే. "ఫ్రీ లాయరు కదా, ఏం పట్టించుకుంటాడులే" అన్న అనుమానం క్లయింట్ కళ్లలో రోజూ కనిపిస్తుంది. ఆ అనుమానం పోగొట్టాలంటే చేతిలో పని ఉండాలి. పని రాని జూనియర్‌ని ఉచితంగా ఇవ్వడం పేదవాడికి చేసే మేలు కాదు.

ఎన్జీవోల గురించి తక్కువే చెబుతాను, ఖాళీలే తక్కువ కాబట్టి. బెంగళూరులో 2000లో మొదలైన ఆల్టర్నేటివ్ లా ఫోరం లాంటి చోట్ల రీసెర్చ్, నిజనిర్ధారణ, రిట్ డ్రాఫ్టింగ్ నేర్చుకునే అవకాశం ఉంటుంది. ఒక్కడి కష్టం వెనుక ఉన్న వ్యవస్థను చూడడం అలవాటవుతుంది. ఆ చూపు చాలా అవసరం. కానీ ప్రాజెక్టు డబ్బు మీద నడిచే సంస్థలో ప్రాజెక్టు అయిపోతే లాయరూ బయటికే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది, దాంతో చాలా సంస్థలకు ఊపిరాడలేదు. ఇంకో మాట. బార్ కౌన్సిల్ 49వ రూల్ ప్రకారం ప్రాక్టీసు చేసే లాయరు ఎవరి దగ్గరా ఫుల్‌టైమ్ జీతగాడుగా ఉండకూడదు. చేరే ముందే మీకు ఇచ్చేది జీతమా, ప్రొఫెషనల్ ఫీజా అని కాగితం మీద చూసుకోండి.

ఇక సీనియర్ ఆఫీసు. కార్మికుల కేసులు చూసే ఆఫీసుకి వచ్చే క్లయింట్ చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. అందులో ఈఎస్ఐ కార్డు, అరిగిపోయిన ఐడీ కార్డు, నలిగిన జీతం స్లిప్పులు. తొమ్మిదేళ్లు ఒకే ఫ్యాక్టరీలో, ఒకే మిషన్ మీద కుట్టిన మనిషి స్లిప్పుల మీద మూడు కంపెనీల పేర్లు ఉంటాయి. యాజమాన్యం ఏమంటుంది? మా దగ్గర అయిదేళ్లు నిండలేదు, గ్రాట్యుటీ రాదు అంటుంది. కొత్త జూనియర్ అక్కడే ఆగిపోతాడు. అనుభవం ఉన్నవాళ్లు పీఎఫ్ పాస్‌బుక్ తెరుస్తారు. ఒక పేరు కింద ఉద్యోగం ముగిసిన తేదీ, ఇంకో పేరు కింద మొదలైన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తారు. మధ్యలో ఒక్క రోజు కూడా తేడా లేకపోతే, సర్వీసు తెగలేదని వాదించడానికి మొదటి ఆధారం దొరికినట్టే. ఆ తర్వాత లెక్క సులువు: చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, మళ్లీ ఏళ్లతో గుణించడం. ఆ పాస్‌బుక్ తెరవాలన్న సంగతి ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తేనే తెలుస్తుంది. క్రాస్ ఎగ్జామినేషన్ కూడా అంతే. హెచ్ఆర్ మేనేజర్‌ని బోనులో నిలబెట్టి ఆ రెండు తేదీల గురించి అడగడం క్లాసురూములో రాదు.

ఇక్కడ యూనియన్‌ని మరిచిపోవద్దు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో రాజీ చర్చల దగ్గర లాయర్లకు ప్రవేశం లేదు, లేబర్ కోర్టులో కూడా ఎదుటిపక్షం సమ్మతి, కోర్టు అనుమతి ఉండాలి. యూనియన్ నాయకులకు ఆ అడ్డు లేదు. కాబట్టి సాయంత్రాలు వారానికి ఒకరోజైనా యూనియన్ ఆఫీసులో కూర్చోండి, వాళ్లతో బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనానికి వెళ్లండి. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత కేసులు పాత చట్టం కింద నడుస్తున్నాయి, కొత్తవి కోడ్ కింద వేయాలి. రెండూ చదివినవాళ్ల అవసరం ఇప్పుడు ఉన్నంతగా ఎప్పుడూ లేదు.

డబ్బు మాటకొస్తే, పట్టణాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే, చాలా ఆఫీసుల్లో అంత రాదు. పీజీ అద్దె, మెట్రో ఖర్చు పోను ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. ఇంటి భారం మీ మీదే ఉంటే, నేను పైన చెప్పిన క్రమం పట్టించుకోకండి. ఏడాది పాటు ఎలాగోలా క్రిమినల్ ఆఫీసులో గడిపి అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సిల్‌కి అప్లై చేయండి. అందులో తప్పేమీ లేదు, అదీ పేదల పనే. ఒక ఊరట ఏమిటంటే, 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 మాత్రమే. ఆంధ్ర, తెలంగాణ బార్ కౌన్సిళ్లలో నమోదైనవాళ్లు కర్ణాటకకి మారాలంటే అడ్వకేట్స్ చట్టం 18వ సెక్షన్ కింద ఫీజు లేకుండానే మారవచ్చు.

కన్నడం తప్పదు. కింది కోర్టుల్లో ఎఫ్ఐఆర్, సాక్ష్యం ఎక్కువగా కన్నడంలోనే. లిపి మనకు దగ్గరే కాబట్టి అచ్చు చదవడం తొందరగా వస్తుంది, పోలీసుల చేతిరాత చదవడానికే కాలం పడుతుంది. మన తెలుగు ఎక్కడ అక్కరకొస్తుందంటే, క్లయింట్ తన కథ మొదటిసారి చెప్పేటప్పుడు.

చివరిగా, ఏ సీనియర్ అన్నది పేరు చూసి తేల్చుకోకండి. ముందు ఆ ఆఫీసులోని జూనియర్లను అడగండి: మీతో క్రాస్ చేయిస్తారా? క్లయింట్‌తో నేరుగా మాట్లాడనిస్తారా? ఫీజు ఇవ్వలేనివాళ్ల కేసులు ఎన్ని ఉన్నాయి? ఆడపిల్లలైతే ఆఫీసు వేళలు, అక్కడ ఇంకా ఎవరుంటారు అన్నవి కూడా అడగండి. చేరిన ఆరు నెలలకీ వాయిదాలు అడగడం తప్ప ఇంకో పని అప్పజెప్పకపోతే మొహమాటపడకుండా ఆఫీసు మారండి.