ట్రైలరు బండికి కరెంటు కేబులు మార్చాలంటే: రబ్బరు కేబులు, నీలం ప్లగ్గు ఎంతవరకు పనికొస్తాయి

మైపాడు ఇసుకలో నిలబెట్టే టిఫిన్ ట్రైలరైనా, పిల్లలతో రెండు రోజులు గడపడానికి కారు వెనక తగిలించి కొత్తపట్నం తీసుకెళ్ళే క్యాంపర్ ట్రైలరైనా, లోపలి ఫ్రిజ్జు, ఫ్యాన్లు, ఏసీ అన్నిటికీ బయటినుంచి కరెంటు తెచ్చేది ఒక్క కేబులే. అది దెబ్బతింటే దాని స్థానంలో ఏం పెట్టాలన్నదే ఈ సమీక్ష. చూసిన సరుకు ఇది: 2.5 స్క్వేర్ ఎంఎం, మూడు కోర్ల (అంటే లోపల విడివిడి తొడుగులతో మూడు వైర్లున్న) రాగి కేబులు, రబ్బరు తొడుగుది, 25 మీటర్లు. దానికి ఒక కొసన 16 ఆంపియర్ల నీలం ఇండస్ట్రియల్ ప్లగ్గు, రెండో కొసన కనెక్టరు. ఆ కనెక్టరు వచ్చి కూర్చోవడానికి బండి గోడకు బిగించే ఇన్‌లెట్టు కూడా అదే రకం. మన తీరం ఎండకూ ఉప్పుగాలికీ ఇదే సరైన జోడీ అని గట్టిగా చెప్పగలం. లోపాలు లేవని కాదు, అవీ చెబుతాం.

ముందు పాత కేబుల్ని పారెయ్యాలా వద్దా తేల్చుకోండి. దెబ్బ కొసనుంచి ఒకటి రెండు మీటర్ల లోపుంటే, అక్కడిదాకా కోసేసి ప్లగ్గు మళ్ళీ బిగిస్తే సరిపోతుంది. దెబ్బ మధ్యలో ఉండి, పైతొడుగు తెగి లోపలి రంగు కోర్లు కనబడుతుంటే మాత్రం టేపు చుట్టి సరిపెట్టకండి. టేపు నీళ్ళను ఆపదు. ఇసుకలో ఈడ్చగానే అంచు లేస్తుంది, మంచు కూడా లోపలికి దిగుతుంది. సన్నటి పోగుల మధ్యన తడి వత్తిలో నూనె ఎక్కినట్టు పాకుతుంది. ఉప్పుతడి అయితే మరీ చేటు. కోసి చూడండి: రాగి మెరుస్తుంటే మంచిదే. నల్లగానో పచ్చగానో ఉంటే ఇంకో అడుగు లోపలికి కోయండి. అక్కడా అలాగే ఉంటే మొత్తం కేబులు తీసెయ్యాల్సిందే.

తొడుగు పైకి బాగున్నా లోపల పోగులు తెగి ఉండొచ్చు. బండి చక్రం కింద నలిగిన చోట, తలుపు సందులో ఇరుక్కున్న చోట, ప్లగ్గు పట్టుకోకుండా కేబులు పట్టి లాగినప్పుడు ప్లగ్గు మెడ దగ్గర ఇలా జరుగుతుంది. అక్కడ చేత్తో వంచితే మెత్తగా, బోలుగా తగులుతుంది. పందికొక్కులు కొరికిన గాట్లు చిన్నవిగా కనిపించినా కోరు దాకా దిగుతాయి. షెడ్డులో చుట్టి పడేసిన కేబుల్ని పండగ సీజనుకు బయటికి తీసేటప్పుడు మూరమూరా చేతిలోంచి జార్చి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

ఇప్పుడు కొనడం. ఇక్కడ బోర్లు, రొయ్యల చెరువులు ఎక్కువ కాబట్టి "మూడు కోర్ల కేబులు, నీళ్ళకు తట్టుకునేది" అని అడిగితే కౌంటరు మీదికి సబ్‌మెర్సిబుల్ ఫ్లాట్ కేబులు వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని వద్దనండి. అది బోరులో ఒకసారి దించి వదిలేసేది. రోజూ చుట్టి విప్పడానికి పుట్టింది కాదు. పైగా అందులో కోర్ల రంగులు ఎరుపు, పసుపు, నీలం. మూడూ మూడు ఫేజులకే. ఎర్తుకు ఆకుపచ్చ రంగు కోరు ఉండదు. ఒకరు పసుపును ఎర్తు అనుకుని కలుపుతారు, ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు విప్పి నీలాన్ని ఎర్తు అనుకుంటారు. బండి బాడీకి ఫేజు ఎక్కేది సరిగ్గా ఇలాంటి చోటే. స్తంభం నుంచి ఇంటికి లాగే అల్యూమినియం సర్వీసు వైరైతే చర్చే అక్కర్లేదు. రెండే కోర్లు, ఎర్తు లేదు, నాలుగుసార్లు వంచితే విరుగుతుంది.

మిగిలిన పోటీ గుండ్రటి పీవీసీ ఫ్లెక్సిబుల్ కేబులుతో. ఐఎస్ 694 (పీవీసీ కేబుళ్ళకు భారత ప్రమాణం) గుర్తున్న మంచి కంపెనీ రాగి కేబులు ఇంట్లోనో, నీడలోనో చక్కగా పనిచేస్తుంది. ధర కూడా రబ్బరుదానికంటే బాగా తక్కువ. నెల్లూరు మే ఎండలో ఆరుబయట పడేస్తేనే తేడా తెలుస్తుంది. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం ఎండకూ వేడికీ క్రమంగా పోయి, తొడుగు కొయ్యబారి, వంపు దగ్గర చిట్లుతుంది. రబ్బరు తొడుగు, అందులోనూ నియోప్రీన్ రకం, ఎండనీ రాపిడినీ నూనె మరకనీ బాగా ఓర్చుకుంటుంది. టిఫిన్ బండి కింద నూనె పడని రోజు ఉండదు కదా. తొడుగు మీద హెచ్‌07ఆర్‌ఎన్-ఎఫ్ అని అచ్చు ఉంటే అది 450/750 వోల్టుల రబ్బరు కేబులు, నియోప్రీన్ తొడుగుది అని అర్థం. మన ఐఎస్ 9968 గుర్తున్నదీ రబ్బరు జాతి కేబులే. చీమకుర్తి వైపు గ్రానైటు మిషన్లకు సామాను అమ్మే షాపుల్లో అడిగి చూడండి. మామూలు ఇంటి వైరింగు షాపుల్లో ఇవి తరచూ స్టాకు ఉండవు.

ఒక అపోహ తీసెయ్యాలి. రబ్బరు కేబులు లావుగా ఉంది కాబట్టి ఎక్కువ లోడు లాగుతుందనుకోవద్దు. కరెంటు మోసేది లోపలి రాగి మందమే. నిజానికి హెచ్‌07ఆర్‌ఎన్-ఎఫ్ రకానికి కండక్టరు వేడి పరిమితి 60 డిగ్రీలు, మామూలు పీవీసీకి 70. రబ్బరుకు డబ్బు పెట్టేది ఓర్పు కోసం, ఆంపియర్ల కోసం కాదు.

మందం లెక్క చూద్దాం. 25 మీటర్లంటే కరెంటు పోయి రావడానికి 50 మీటర్ల రాగి. 16 ఆంపియర్లు లాగితే 1.5 స్క్వేర్ ఎంఎం కేబుల్లో సుమారు 10.6 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5లో 6.4, 4లో 4 వోల్టులు. ఇది 20 డిగ్రీల దగ్గరి లెక్క. ఎండలో కాలిన కేబుల్లో ఇంకా ఎక్కువే. రొట్టెల పండుగప్పుడు నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర వరసగా బండ్లు నిలబడి అందరూ ఒకే లైను మీద పడితే, సప్లయి వోల్టేజి ముందే తగ్గి ఉంటుంది. దాని మీద ఇంకో పది వోల్టులు పోతే ఫ్రిజ్జు కంప్రెసరు స్టార్టవ్వలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది. అందుకే 1.5 వద్దంటున్నాం. ఏసీ, ఇండక్షన్ స్టవ్వు రెండూ ఉన్న బండికి 25 మీటర్లు దాటితే 4 స్క్వేర్ ఎంఎం తీసుకోండి. 16 ఆంపియర్ల ప్లగ్గు మీద మొత్తం లోడు 230 వోల్టుల దగ్గర 3,680 వాట్లు దాటకూడదు. 2,000 వాట్ల ఇండక్షన్ ఒక్కటే 8.7 ఆంపియర్లు తినేస్తుంది.

ఇక ప్లగ్గులు. నీలం రంగంటే 230 వోల్టుల తరగతి, మూడు పిన్నులదైతే సింగిల్ ఫేజు. ఎర్తు పిన్ను మిగతా రెండిటికంటే లావు, గాడి ఒక్క తీరుగానే కూర్చుంటుంది, కాబట్టి తిరగేసి గుచ్చడం కుదరదు. ఐపీ44 అంటే నీళ్ళు చిమ్మినా ఆగుతుంది. ఐపీ67 అంటే కాసేపు నీళ్ళలో మునిగినా లోపలికి రావు, అదీ రింగు చివరిదాకా తిప్పి బిగించినప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వాయుగుండాల వానలు కాబట్టి ఐపీ67కే మా ఓటు. బండి గోడకు పిన్నులున్న ఇన్‌లెట్టు, కేబులు కొసన ఆ పిన్నులు దూరే రంధ్రాలున్న కనెక్టరు: ఈ వరస మారకూడదు. జనరేటరు తగిలించడానికని రెండు కొసలకూ పిన్నులున్న ప్లగ్గులే పెట్టిన కేబుళ్ళు వాడేవాళ్ళున్నారు. ఒక కొస గుచ్చగానే రెండో కొసన బయటికున్న పిన్నుల మీద 230 వోల్టులుంటాయి. పసిపిల్లలు తిరిగేచోట అలాంటి కేబులు కనబడితే కోసి పడేయండి, బతిమాలుతున్నాం.

బిగించే పని గంటన్నర. ముందు సప్లయి కొసన ప్లగ్గు తీసి, ఆ ప్లగ్గు మీ కళ్ళముందే ఉండేట్టు పెట్టుకోండి. ఇన్వర్టరుంటే దాన్నీ ఆపండి. బండికి ఇన్‌లెట్టు లేకుండా కేబులు నేరుగా లోపలి జంక్షన్ బాక్సులోకి పోతుంటే, విప్పకముందే ఫోటో తీసుకోండి. ఈ అవకాశంలోనే ఇన్‌లెట్టు పెట్టించుకోవడం మేలు. తర్వాతసారి కేబులు పాడైతే గోడ విప్పే పనుండదు.

కేబులు పైతొడుగు 45 నుంచి 50 మిల్లీమీటర్లు ఒలవండి. కత్తితో చుట్టూ గాటు పెట్టి, వంచితే చీలేంత లోతుకే ఆపాలి. కోరు మీద గాటు పడితే ఆ ముక్క కోసి మళ్ళీ మొదలుపెట్టడమే. కోర్లు 10 మిల్లీమీటర్ల చొప్పున ఒలిచి, 2.5 సైజు ఫెర్రూలు (పోగుల కొసకు తొడిగే చిన్న లోహపు గొట్టాలు) తొడిగి క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి. పోగులు మెలితిప్పి సీసం పూసే అలవాటు చాలామందికుంది. స్క్రూ కింద సీసం ఒత్తిడికి మెల్లగా నలిగి జారుతుంది, నెల తిరిగేసరికి స్క్రూ వదులు. వదులైన చోట 0.1 ఓము నిరోధం చేరినా, 16 ఆంపియర్ల దగ్గర 25 వాట్ల వేడి పుడుతుంది. అంటే షాపుల్లో దొరికే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను ప్లగ్గు లోపల పెట్టి వదిలేసినట్టే. కరిగిపోయిన ప్లగ్గుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఎర్తు కోరు మిగతా రెండిటికంటే 20 నుంచి 30 మిల్లీమీటర్లు పొడుగు వదలండి. ఎవరైనా కేబుల్ని గట్టిగా లాగి వైర్లు ఊడినా, ఎర్తు చివరగా ఊడాలి. రంగులు చూసుకోండి: కొన్ని కేబుళ్ళలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్తు. కొన్నిట్లో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు చారలది ఎర్తు. ప్లగ్గు లోపల ఎల్, ఎన్, ఎర్తు గుర్తు అచ్చుంటాయి. వాటినే నమ్మండి. స్క్రూ బిగించాక ఒక్కో వైరునూ లాగి చూడండి. కేబులు పట్టు తొడుగు మీద పడాలి, కోర్ల మీద కాదు. ఈ మందం రబ్బరు కేబులు బయటి వ్యాసం కంపెనీని బట్టి 11 నుంచి 14 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వెర్నియరుతో కొలిచి, దానికి సరిపోయే గ్లాండే (కేబుల్ని చుట్టూ పట్టి నీళ్ళు ఆపే బిగింపు) కొనండి. ఐపీ67 ప్లగ్గు కొని వదులు గ్లాండు పెడితే ఆ అంకెకు విలువే లేదు.

బండి బాడీకి ఎర్తు ఉందో లేదో ఇప్పుడే చూడాలి. ఇది మొత్తం పనిలో ముఖ్యమైన భాగం. టైర్లు రబ్బరువి, బండికి నేలతో సంబంధం లేదు. లోపలెక్కడో ఫేజు బాడీకి తగిలినా, ఎర్తు తెగి ఉంటే ఏ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట ఆగే స్విచ్చు) పడదు. బండి మామూలుగానే నడుస్తుంటుంది. తడి ఇసుకలో చెప్పుల్లేకుండా నిలబడి ప్లేటు అందుకోడానికి బండి అంచు పట్టుకున్న మనిషి ద్వారా కరెంటు నేలకు దిగుతుంది. ఇన్‌లెట్టు ఎర్తు నుంచి చాసిస్‌కు 4 స్క్వేర్ ఎంఎం పచ్చ వైరు, రింగు లగ్గు, పెయింటు గీకిన చోట స్టార్ వాషరుతో బోల్టు. న్యూట్రల్‌నూ ఎర్తునూ బండి లోపల ఎక్కడా కలపకూడదు. లోపల 16 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు నేలకు కారితే సప్లయి ఆపే స్విచ్చు) ఉండాల్సిందే. కేబులు కోసం ఖర్చు పెట్టి ఆర్సీసీబీ దగ్గర పొదుపు చేస్తే ఆ ఖర్చుకు అర్థం లేదు.

కరెంటిచ్చే ముందు మల్టీమీటరుతో కోరుకోరుకూ కొసనుంచి కొసకు చూడండి. 25 మీటర్ల 2.5 రాగికి 0.2 ఓములు రావాలి, మీటరు వైర్ల సొంత నిరోధం తీసేసి. మెగ్గరు (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఉంటే 500 వోల్టుల దగ్గర కోర్ల మధ్య ఒక మెగోముకు తగ్గకూడదు. కొత్త కేబుల్లో అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. మెగ్గరు తిప్పేటప్పుడు కేబుల్ని బండినుంచి విడదీయండి, ఫ్రిజ్జు బోర్డు, చార్జరు కాలిపోతాయి. చివరగా కరెంటిచ్చి ఆర్సీసీబీ టెస్టు బటను నొక్కండి. పడకపోతే బండి వాడొద్దు. అరగంట పూర్తి లోడు మీద నడిపి, ప్లగ్గు తీసి పిన్నుల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే బిగింపు ఎలా ఉందో తెలిసిపోతుంది. గోరువెచ్చన సరే, చెయ్యి పెట్టలేనంత వేడైతే స్క్రూ వదులు.

లోపాలు చెబుతామన్నాం. 25 మీటర్ల కేబులు అయిదారు కిలోలు తూగుతుంది, మోసేవాళ్ళకు ఇబ్బందే. నల్ల రబ్బరు కాబట్టి రాత్రి నేలమీద కనబడదు, కాళ్ళకు తగులుతుంది. తెల్ల టేపు మీటరుకొకటి చుట్టుకోవాలి. డ్రమ్ముకు చుట్టి ఉంచి పూర్తి లోడు లాగితే లోపలి చుట్లు వేడెక్కి పాడవుతాయి. వాడేది అయిదు మీటర్లే అయినా మొత్తం విప్పాల్సిందే. అన్నిటికంటే పెద్ద చిక్కు, నీలం ప్లగ్గు మన ఇళ్ళలో, కల్యాణమండపాల్లో ఉండే సాకెట్టులో పట్టదు. 16 ఆంపియర్ల మూడు పిన్నుల మామూలు ప్లగ్గుతో మీటరు పొడవు అడాప్టరు ముక్క చేయించుకోవాలి. మొత్తం ఏర్పాటులో బలహీనమైన చోటు ఆ ముక్కే. దానికి నీళ్ళనుంచి రక్షణ లేదు, కాబట్టి ఆ జాయింటు గోడ దగ్గర, నేలకు ఎత్తులో, వాన పడని చోటే ఉండాలి. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టులో దూర్చే అడాప్టరు ఎవరు చేసిస్తామన్నా తీసుకోకండి.

కొనేటప్పుడే గ్లాండు రబ్బరు, మూత వాషరు ఒక్కో జత అదనంగా తెచ్చుకోండి. ఉప్పుగాలికి ముందు పాడయ్యేవి ఇవే. పిన్నుల మీద తెల్లపొర కనబడితే కాంటాక్టు క్లీనరుతో తుడవండి. కొబ్బరినూనె, గ్రీజు రాస్తే ఇసుక అంటుకుని కనెక్టరు లోపలి స్ప్రింగు పట్టు అరిగిపోతుంది.