గ్వాయిఫెనెసిన్ సిరప్: కఫం తెమలడానికి సరే, దగ్గు ఆపడానికి కాదు

ఛాతీలో కఫం పట్టేసి, ఎంత దగ్గినా కళ్ళె తెగనప్పుడు వాడే మందు ఇది. పొడి దగ్గుకు కొంటే డబ్బు దండగ. కడుపు లోపలి పొరను ఇది కొద్దిగా రేపుతుందని, ఆ సంకేతం వేగస్ నాడి (మెదడును కడుపు, ఊపిరితిత్తులతో కలిపే నరం) ద్వారా శ్వాసనాళాల గ్రంథులకు చేరి నీటి స్రావం పెంచుతుందని చెబుతారు. కఫం పలచబడితే నాళాల్లోని సన్నని నూగు దాన్ని గొంతు దాకా నెట్టుకొస్తుంది. అందుకే మొదట్లో దగ్గు ఎక్కువైనట్టు అనిపించవచ్చు. కళ్ళె తేలిగ్గా పడుతోందా లేదా అన్నదే చూసుకోవాలి.

చాలా సిరప్‌లలో 5 మి.లీ.కి 100 మి.గ్రా. మందు ఉంటుంది. పెద్దలకు 4 గంటలకోసారి 200 నుంచి 400 మి.గ్రా., అంటే 10 నుంచి 20 మి.లీ. రోజు మొత్తం మీద 2,400 మి.గ్రా. దాటకూడదు. గంట గడిచేసరికి రక్తంలో మందు దాదాపు సగానికి పడిపోతుంది. పొద్దునొక మూత, రాత్రొక మూత తాగి పనిచేయలేదంటే ఎలా? రెండు పూటలే కుదిరేవాళ్ళకు 12 గంటల పాటు పనిచేసే బిళ్ళ నయం, కానీ దాన్ని నలపకుండా, నమలకుండా మింగాలి. సిరప్‌ని సీసాతో వచ్చిన గీతల కప్పుతోనే కొలవండి, వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. మోతాదు మించితే ముందు కనిపించేది వికారం, వాంతి.

నా అసలు ఫిర్యాదు మిశ్రమాల మీద. గ్వాయిఫెనెసిన్‌తో డెక్స్ట్రోమెథార్ఫాన్ కలిపిన సీసాలు బోలెడు. ఒకటి కఫాన్ని పలచన చేస్తుంటే, రెండోది దాన్ని బయటికి తోసే దగ్గునే అణుస్తుంది. కఫం బాగా ఉన్నవాళ్ళు అలాంటిది కొనకపోవడమే మంచిది. శ్వాసనాళాలను వదులుచేసే టెర్బ్యుటలిన్ అనే మందు కలిపినది తాగాక చేతులు వణికినా, గుండె దడ వచ్చినా ఆ నింద గ్వాయిఫెనెసిన్‌ది కాదు. లేబుల్ మీద ఒక్క మందు పేరే ఉన్న సీసా అడిగి తీసుకోండి. మధుమేహం ఉంటే చక్కెర లేని రకం.

ఈ మందుకు అయిదుకు మూడు మార్కులు ఇస్తాను. జలుబు దగ్గులో దీని ప్రయోజనంపై పరిశోధనల ఫలితాలు ఒకే తీరుగా లేవు, అంతకు మించి ఇవ్వలేను. కఫం మరీ జిగటగా ఉంటే, దాని ప్రొటీన్ల మధ్య బంధాలనే తెంచే ఎసిటైల్‌సిస్టీన్ గురించి డాక్టర్‌ని అడగవచ్చు. కడుపులో పుండు ఉన్న సంగతి మాత్రం ముందే చెప్పాలి.

చిన్నపిల్లలకు సొంతంగా పోయకండి. దగ్గు వారం దాటినా, జ్వరం, ఆయాసం ఉన్నా, కళ్ళెలో రక్తం కనిపించినా సీసా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.