సైఫనా, రబ్బరు మూతా, రెండు బటన్లా? మన బోరు నీళ్ళకు ఏ ఫ్లష్ ట్యాంకు మేలు

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా శానిటరీ షాపులోకి అడుగుపెడితే ముందు వినబడే ప్రశ్న ఒకటే: "సింగిల్ ఫ్లషా, డ్యూయలా సార్?" ఆ తర్వాత రంగు, ఆపైన ధర. మూత తీసి లోపల ఏముందో చూపించమని అడిగేవాళ్ళు తక్కువ. నీళ్ళు ఎంత జోరుగా దూకుతాయో షాపువాళ్ళు చెబుతారు. పాడైనప్పుడు ఎలా పాడవుతుందో మాత్రం చెప్పరు. నన్నడిగితే ట్యాంకు ఎంచుకోవాల్సింది ఈ రెండో సంగతిని బట్టే. ఎందుకంటే మన దగ్గర బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, మేడ మీద ట్యాంకు ఎత్తు తక్కువ, పైగా మోటారు వేసిన నీళ్ళే వాడుకోవాలి.

పాతదాంతో మొదలుపెడతాను. రైల్వే క్వార్టర్లలో, పాత లాడ్జీల్లో తలపైన పోత ఇనుప ట్యాంకు, దానికి వేలాడే గొలుసు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. గొలుసు లాగితే లోపలి బరువైన ఇనుప గంట పైకి లేచేది. వదిలితే ధబీమని పడి, కింద ఉన్న నీళ్ళను మధ్య గొట్టంలోకి ఎగదోసేది. ఒక్కసారి నీళ్ళు గొట్టం పై అంచు దాటాయా, మిగతావన్నీ వాటి వెంటే కిందికి దిగేవి. డీజిలు డబ్బాలోంచి గొట్టంతో ఒకసారి నోటితో లాగి వదిలితే మిగిలింది దానంతటదే రావడం ట్రాక్టరున్న ప్రతి ఊళ్ళోనూ చూసేదే. ఇక్కడా అదే సూత్రం, దీన్నే సైఫన్ అంటారు. నీటిమట్టం గంట అడుగు దాకా పడిపోగానే లోపలికి గాలి దూరి ధార తెగిపోతుంది. తర్వాత వచ్చిన ప్లాస్టిక్ ట్యాంకుల్లో, పక్కన పిడి ఉండేవాటిలో చాలావాటికి, గంట పోయి తలకిందులుగా వంగిన గొట్టం వచ్చింది. దాని ఒక కాలిలో చిల్లుల పళ్ళెం, పళ్ళెం మీద పలచటి ప్లాస్టిక్ పొర. పిడి నొక్కితే పళ్ళెం లేచి నీళ్ళను వంపు దాటిస్తుంది.

సైఫన్‌లో అసలు గొప్పదనం ఏమిటంటే, ట్యాంకు అడుగున రబ్బరుతో మూసిన కన్నం ఉండదు. నీళ్ళు కమోడ్‌లోకి పోవాలంటే ముందు పైకి ఎక్కాలి. ఎవరూ ఎక్కించనిదే అవి ఎక్కవు. అందుకే సైఫన్ గుట్టుగా కారడం దాదాపు జరగదు. బ్రిటన్‌లో 2000 సంవత్సరం ముగిసేదాకా ఇళ్ళలో సైఫన్ ట్యాంకులే పెట్టాలన్న నిబంధన ఉండేదంటే కారణం ఇదే. 2001 జనవరి 1 నుంచి అక్కడ అడుగు కన్నాన్ని రబ్బరుతో మూసే వాల్వు ట్యాంకులనూ అనుమతించి, ఒక్కో ఫ్లష్‌కు 6 లీటర్లు మించకూడదన్నారు. ఇదంతా థామస్ క్రాపర్ అనే ఆయన కనిపెట్టాడని వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. 1898లో వాల్వు లేని ట్యాంకుకు పేటెంటు తీసుకున్నది ఆల్బర్ట్ గిబ్లిన్. క్రాపర్ వాటిని అమ్మిన వ్యాపారి.

మరి సైఫన్‌కు లోపాలు లేవా? ఉన్నాయి. ట్యాంకు నిండా నీళ్ళుంటేనే అందుకుంటుంది. సగం నిండినప్పుడు పిడి ఎంత కొట్టినా గుడగుడమంటుంది తప్ప కదలదు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానుకు విజయనగరంలో ఇంటికి పదిమంది చుట్టాలు దిగిన రోజున ఈ లోపం బాగా తెలుస్తుంది. ఒకరి వెనక ఒకరు వెళుతుంటే ట్యాంకు నిండే సందే దొరకదు. మామూలు రకాల్లో మొదలయ్యాక మధ్యలో ఆపడమూ కుదరదు, 10 లీటర్ల ట్యాంకైతే 10 లీటర్లూ పోవలసిందే. పళ్ళెం మీది పొర చిరిగితే రెండు మూడు సార్లు కొట్టాల్సి వస్తుంది. చాలా మోడళ్ళలో సైఫన్‌ను అడుగునుంచి నట్టుతో బిగిస్తారు కాబట్టి ఆ చిన్న పొర మార్చడానికి ట్యాంకు మొత్తం దింపాలి. అయితే ఇక్కడ పాడైన సంగతి ఇంటివాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. నీళ్ళు ఊరికే పోవు, పని చెయ్యనని మొరాయిస్తుంది అంతే.

రెండో రకం రబ్బరు మూత. అమెరికాలో ఇళ్ళ నిండా ఇదే. మన దగ్గర కొన్ని కమోడ్లలో కనిపిస్తుంది. ట్యాంకు అడుగు కన్నం మీద కీలుతో కదిలే రబ్బరు మూత, దానికో సన్నటి గొలుసు. మూత కింది భాగం బోలుగా ఉండి గాలి పట్టుకుంటుంది కాబట్టి ఒకసారి లేపితే నీళ్ళలో తేలుతూ ఉండిపోతుంది, నీళ్ళు తగ్గాక తన చోట కూర్చుంటుంది. ఇంతకంటే సులువైన యంత్రం ఇంకోటి లేదు. పానా అక్కర్లేకుండా చేత్తో ఊడదీసి, చేత్తో పెట్టేయొచ్చు. కాని ఆ రబ్బరు నాలుగు కాలాలు నిలవదు. క్లోరిన్ నీళ్ళకు మెత్తబడి వంకర పోతుంది, గొలుసు పొడవైతే మూత కింద ఇరుక్కుంటుంది, కూర్చునే అంచు మీద తెల్లటి ఉప్పు పొర కడితే సందు మిగులుతుంది. సరిపోయే మూత మన ఊరి షాపుల్లో దొరక్కపోతే ఆ సులువంతా వృథా. కొనే ముందు ఆ మోడల్‌కు విడి మూత అదే షాపులో ఉందో లేదో చూడండి. లేదంటే నేనైతే కొనను.

ఇక ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే రెండు బటన్ల ట్యాంకు. 1980లో ఆస్ట్రేలియాలో కరోమా కంపెనీలో బ్రూస్ థాంప్సన్ దీన్ని తయారుచేశాడు. మొదట్లో పెద్ద బటన్‌కు 11 లీటర్లు, చిన్నదానికి 5.5. తర్వాత తర్వాత తగ్గుతూ 6, 3 లీటర్లకు వచ్చింది. లోపల నిలువుగా ఒక గొట్టం, దాని అడుగున గుండ్రటి వాషర్. బటన్ నొక్కితే గొట్టం కాస్త పైకి లేస్తుంది, అడుగు కన్నం నాలుగు వైపులా ఒకేసారి తెరుచుకుంటుంది. అందుకే తక్కువ నీళ్ళు కూడా దబ్బున దూకి బాగా కడుగుతాయి. చిన్న బటన్ నొక్కినప్పుడు గొట్టం సగంలోనే కిందికి దిగిపోతుంది. ట్యాంకు సగమే నిండినా ఉన్నంత మేర పని చేస్తుంది. చుట్టాలొచ్చిన రోజున సైఫన్ మీద ఇది గెలిచేది ఇక్కడే.

దీని చిక్కంతా ఆ వాషర్‌లోనే ఉంది. వాషర్ కింద ఇసుక రేణువు చిక్కినా, ఉప్పు పొర గట్టిపడినా నీళ్ళు సన్నగా, చప్పుడు లేకుండా కమోడ్ గోడ మీదుగా జారుతూనే ఉంటాయి. మధ్య గొట్టమే ఓవర్‌ఫ్లో కూడా కాబట్టి నీళ్ళు నింపే వాల్వు మూసుకోకపోయినా అదనపు నీళ్ళు అందులోంచే పోతాయి. పాత ట్యాంకులకైతే ఓవర్‌ఫ్లో గొట్టం బయటి గోడకు పెట్టేవారు. గోడ తడిసి పక్కింటావిడ కేకేసేది, సంగతి తెలిసిపోయేది. కొత్త ట్యాంకుల్లో ఆ కేక లేదు.

నీళ్ళ ఆదా సంగతి లెక్కేసి చూద్దాం. ఇంట్లో ఐదుగురు, మనిషికి రోజుకు ఐదుసార్లు అనుకుందాం. 10 లీటర్ల పాత ట్యాంకుకు 250 లీటర్లు అవుతాయి. రెండు బటన్లదైతే పెద్దది ఐదుసార్లు, చిన్నది ఇరవైసార్లు, మొత్తం 90 లీటర్లు. అంటే రోజుకు 160 లీటర్ల మిగులు. బాగానే ఉంది. కాని వాషర్ సందులోంచి రెండు నిమిషాలకొక 200 మిల్లీలీటర్ల గ్లాసు చొప్పున కారుతోందనుకోండి, రోజుకు 144 లీటర్లు పోతాయి. మిగులంతా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నిమిషానికో గ్లాసైతే 288 లీటర్లు, పాత ట్యాంకు మొత్తం వాడకం కంటే ఎక్కువ. 500 లీటర్ల సింటెక్స్ నింపుకుని రెండ్రోజులు ఊరెళ్తే, తిరిగొచ్చేసరికి అడుగున కూడా నీళ్ళుండవు.

కారుతోందో లేదో తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకుండా చూడండి. కమోడ్ నీళ్ళలో నీలం కనిపిస్తే వాషర్ పని పట్టాలి. కంపెనీ మారిస్తే సరిపోతుందా అని ఒక ప్లంబరు మేస్త్రీని అడిగితే, "కంపినీ ఏదైతే ఏటి బావూ, నీల్లు అవే గదా" అన్నాడు. ఈ విషయంలో ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

నీళ్ళు నింపే వాల్వు గురించి షాపులో ఎవరూ మాట్లాడరు గాని, మన ఇళ్ళలో సగం గొడవ దానితోనే. నీటి ఒత్తిడి ట్యాంకు ఎత్తును బట్టి ఉంటుంది: పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ (ఒత్తిడికి కొలత). ఒక అంతస్తు ఇంటి మీద సింటెక్స్‌లో నీటిమట్టం ఫ్లష్ ట్యాంకు కంటే మూడు మీటర్లే పైన ఉంటే 0.3 బార్ వస్తుంది. లోపల రబ్బరు పొర ఉండే కొత్త రకం వాల్వుల్లో కొన్ని కనీసం 0.5 బార్ ఉంటేనే బిగువుగా మూసుకుంటాయి. ఆ ఒత్తిడి లేకపోతే చుక్కచుక్కగా కారుతూనే ఉంటాయి. పాత బాల్‌కాక్‌లో, అంటే బంతి తేలితే దానికున్న కమ్మి వెళ్ళి వాషర్‌ను నొక్కే దాంట్లో, ఈ పేచీ లేదు. చూడ్డానికి నాటుగా ఉన్నా తక్కువ ఒత్తిడికి అదే నమ్మకం. అందుకని ఒక అంతస్తు ఇంటికి బాల్‌కాక్, రెండు మూడంతస్తుల ఇంట్లో కింది బాత్‌రూముకు కొత్త రకం పెట్టుకుంటే సరి. కనీస ఒత్తిడి ఎంతో పెట్టె మీద రాసి ఉందేమో చూసి కొనండి.

గోడలో దాచే ట్యాంకుల మోజు ఇప్పుడు రాజాం, పలాస దాకా వచ్చింది. చూపుకు అందంగానే ఉంటాయి. కాని వాషర్ మార్చాలన్నా, వాల్వు శుభ్రం చెయ్యాలన్నా చెయ్యి దూరేది బటన్ పలక వెనక ఉన్న చిన్న కిటికీలోంచే. భాగాలు ఆ కంపెనీవే కావాలి, ఊడదీయడం తెలిసిన మనిషి కావాలి. నాలుగున్నర అంగుళాల గోడ కొట్టి ఇరికించడం అసలు వద్దు. ఉప్పు నీళ్ళున్న ఊళ్ళో ఏడాదికోసారి తెరవాల్సిన వస్తువును గోడలో పూడ్చుకోవడం నాకు మింగుడుపడదు. ట్యాంకే లేకుండా గోడలోంచి నేరుగా వచ్చే ఫ్లష్ వాల్వు మరో రకం. దానికి మేడ మీది ట్యాంకు నుంచి 32 మిల్లీమీటర్ల పైపు విడిగా దింపాలి. అరంగుళం లైనుకు తగిలిస్తే పని చెయ్యదు, ఉన్న ఇంట్లో పెట్టడం దండగ.

పల్లెల్లో పెరటి మరుగుదొడ్డి సంగతి వేరు. స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల సాయంతో కట్టిన రెండు గుంతల దొడ్లకు ట్యాంకు బిగించొద్దు. సులభ్ సంస్థ తరహా బేసిన్ వాలు 25 నుంచి 28 డిగ్రీలు, దాని ట్రాప్‌లో, అంటే వాసన రాకుండా అడ్డుకునే వంపులో, నిలిచే నీళ్ళ లోతు 20 మిల్లీమీటర్లే. అందుకే లీటరున్నర నుంచి రెండు లీటర్లు చెంబుతోనో మగ్గుతోనో పోస్తే చాలు. అక్కడ 10 లీటర్ల ట్యాంకు పెడితే నేలలోకి ఇంకాల్సిన గుంత నీళ్ళతోనే నిండిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు లేవు. అలాంటప్పుడు నూతినుంచి తోడి పోసుకునే బక్కెట్టుకు మించిన ఫ్లష్ ఏముంటుంది?

ఇంట్లో మనుషులు ఎప్పుడూ ఉండే చోటికి నా ఓటు రెండు బటన్ల బయటి ట్యాంకుకే, బాల్‌కాక్‌తో, అదే రోజు కొన్న రెండు విడి వాషర్లతో. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉండి నెలల తరబడి తాళం వేసి ఉండే ఇంటికి, అద్దెకిచ్చే పోర్షనుకు సైఫన్ దొరికితే అదే పెట్టండి. దొరక్కపోతే ఊరెళ్ళేముందు ట్యాంకు కింద యాంగిల్ కాక్, అంటే ట్యాంకుకు నీళ్ళిచ్చే చిన్న కుళాయి, కట్టేసి వెళ్ళండి. పాత కమోడ్ మీద కొత్త 6 లీటర్ల ట్యాంకు పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం ముందు కమోడ్ ఎన్ని లీటర్లకు చేసిందో కనుక్కోవాలి. పాతవాటిలో కొన్నింటికి 10 లీటర్లూ పడితేనే మురికి పైపులోకి పోతుంది. లేదంటే ఒకటికి రెండుసార్లు నొక్కి, దాచిందానికంటే ఎక్కువ ఖర్చు పెడతారు. కళింగపట్నం, బారువ వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ట్యాంకును కమోడ్‌కు బిగించే బోల్టులు ఇత్తడివో ప్లాస్టిక్‌వో అడిగి తీసుకోవాలి, ఇనుపవి తుప్పు పట్టి ఊడదీసేటప్పుడు పింగాణీని పగలగొడతాయి.

ఉప్పు పొర తీయడానికి బాత్‌రూము ఆసిడ్ ట్యాంకులో పోయకండి, లోపలి ఇనుప, ఇత్తడి భాగాల్ని తినేస్తుంది. ట్యాంకులో వేసే బ్లీచింగ్ బిళ్ళలు కూడా వద్దు, రబ్బరుకు అవి శత్రువులు. యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, వాషర్ ఊడదీసి, గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, వేలితో రుద్ది కడగండి. వాషర్ కూర్చునే అంచును కూడా అదే నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, వాషర్‌ను తిరగేసి పెట్టడానికి వీలున్న మోడలైతే ఈసారికి రెండో వైపు కిందికి వచ్చేలా పెట్టండి.