కాటనా, అక్రిలిక్కా, వెల్వెట్టా? మొదటి క్రోషే బొమ్మకి ఏ దారం మేలు?

ఆఫీసులో నా డెస్క్ మీద నాలుగు అంగుళాల ఏనుగు ఒకటి ఉంటుంది. చూసినవాళ్లు ఊరుకోరు. చేతిలోకి తీసుకుంటారు, తొండం ఓసారి నొక్కుతారు, "నేనూ నేర్చుకుంటా, ఏ దారం కొనమంటావు?" అంటారు. మా పై ఫ్లోర్ అమ్మాయి అయితే అడగకముందే కొనేసుకుని వచ్చింది. లిఫ్టులో కవర్ తెరిచి చూపించింది. లావుపాటి వెల్వెట్ దారం, గులాబీ రంగు, రెండు ఉండలు. "ఎంత మెత్తగా ఉందో చూడండక్కా!" నిజంగానే మెత్తగా ఉంది. రెండేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే కొన్నాను కాబట్టి నాకు నవ్వొచ్చింది.

అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. క్రోషే అంటే కొక్కెం లాంటి హుక్‌తో దారం అల్లడం. అందులో మొదట నేర్చుకునే చైన్, సింగిల్ క్రోషే కుట్లు వేయడం వచ్చి, మ్యాజిక్ రింగ్ (బొమ్మ అల్లిక మొదలయ్యే దారపు ఉంగరం) దగ్గర ఇంకా తిప్పలు పడుతున్నవాళ్ల కోసం ఇది.

ముందు నా లెక్క చెప్తా. దారం అనగానే అందరూ మెత్తదనం, రంగు, ధర చూస్తారు. నేను చూసేది ఒక్కటే: తప్పు పోతే విప్పడానికి వస్తుందా? మొదటి బొమ్మ తల సంగతే తీసుకోండి. రింగులో 6 కుట్లు, తర్వాతి చుట్టులో 12, ఆ తర్వాత 18, 24, 30, ఆరో చుట్టుకి 36. అక్కడి నుంచి కొన్ని చుట్లు పెంచకుండా 36 మీదే నడవాలి. ఎనిమిదో చుట్టులో లెక్కపెడితే 34 వస్తాయి. ఎవరికైనా వస్తాయి. ఫోన్ మోగి ఉంటుంది, కుక్కర్ విజిల్ వేసి ఉంటుంది. అప్పుడు ఎక్కడ తప్పిందో కళ్లతో వెతికి, అక్కడిదాకా లాగి విప్పి, మళ్లీ అల్లాలి. నా మొదటి ఏనుగు తలని ఐదుసార్లు విప్పాను. కాబట్టి కుట్టు కంటికి కనపడాలి, దారం విప్పడాన్ని తట్టుకోవాలి. ఈ రెండూ ఉంటే మిగతావన్నీ సర్దుకుపోవచ్చు.

ఈ లెక్కలో వెల్వెట్ మొదటి అడుగులోనే తప్పిపోతుంది. అక్క కూతురి మొదటి పుట్టినరోజుకి కుందేలు చేద్దామని మొదలుపెట్టాను. మూడో చుట్టుకే కుట్లు కనపడటం మానేశాయి. మామూలు దారంలో ప్రతి కుట్టు పైన చిన్న 'వి' ఆకారం ఉంటుంది కదా, దాన్ని పట్టుకునే మనం లెక్కపెడతాం. వెల్వెట్‌లో ఆ 'వి' మీద నూగు కప్పేస్తుంది. చివరికి వేలితో తడిమి కన్నం ఎక్కడుందో వెతుక్కుంటూ అల్లాను. తప్పింది, విప్పాను. విప్పుతుంటే నూగు రాలి, మధ్యలో ఉన్న సన్నటి పోగు బయటపడింది. కాస్త గట్టిగా లాగితే అదీ తెగింది. నా నైటీ నిండా గులాబీ నూగు.

అప్పుడు అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంది. ఆవిడది పాలకొల్లు దగ్గర ఊరు. నర్సాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లే లేసు కూడా ఈ క్రోషేనే. మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన పని అక్కడ తరతరాలుగా నిలిచిపోయింది. దారం ఉండ దొర్లకుండా స్టీలు గిన్నెలో వేసుకుని, టీవీ సీరియల్ మీద నుంచి కళ్లు తిప్పకుండా అల్లేస్తుంది అమ్మమ్మ. నా కుందేలుని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "కుట్టు కనపడని దారంతో పనేంటే అమ్మాయ్, కళ్లు మూసుకుని అల్లినట్టే" అంది. అప్పుడు కొంచెం రోషం వచ్చింది కానీ ఆవిడ మాట నిజం.

వెల్వెట్ చెడ్డదని నేను అనడం లేదు. చెయ్యి తిరిగాక దానంత తొందరగా పని అయ్యే దారం లేదు. 5, 6 మిల్లీమీటర్ల హుక్‌తో ఒక సాయంత్రానికి తల పూర్తవుతుంది, పిల్లలకి ఒళ్లో పెట్టుకునేంత పెద్ద బొమ్మ వస్తుంది. చిన్న చిన్న వంకర్లని నూగే దాచేస్తుంది. ఏడో ఎనిమిదో బొమ్మకి కొనుక్కోండి.

అసలు పోటీ అక్రిలిక్‌కీ కాటన్‌కీ మధ్య.

మన దగ్గర షాపులో "ఊలు కావాలి" అని అడిగితే చేతిలో పెట్టేది చాలాసార్లు అక్రిలికే. స్వెటర్లకీ గుమ్మం తోరణాలకీ వాడేది అదే. సుల్తాన్ బజార్‌లో అడగండి, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో అడగండి, మీకు కావలసిన నీలం కాకపోతే దాని పక్క నీలమైనా దొరుకుతుంది. ఒక మంచి కాటన్ ఉండ డబ్బుకి అక్రిలిక్ రెండు మూడు వస్తాయి. "నేర్చుకునేటప్పుడు పాడైపోతుంది కదా, చవకది కొను" అని అందరూ చెప్పేది అందుకే. అందులో తప్పేం లేదు. పైగా అక్రిలిక్‌కి కొంచెం సాగే గుణం ఉంది. కొత్తవాళ్లు భయంతో కుట్టుని పీక పిసికినట్టు బిగిస్తారు. అక్రిలిక్ అయితే ఆ బిగువులోకి కూడా హుక్ దూరుతుంది, మణికట్టు నొప్పి తక్కువ. బొమ్మ తేలిగ్గా ఉంటుంది, ఉతికితే తొందరగా ఆరుతుంది.

చిక్కల్లా ఆ సాగే గుణంతోనే. ఖాళీ తొడుగుగా ఉన్నప్పుడు ముచ్చటగా కనిపించిన ఏనుగు, లోపల రెక్రాన్ (బొమ్మల్లో నింపే పాలిస్టర్ దూది) కూరేసరికి పొట్ట దగ్గర సాగుతుంది. కుట్ల మధ్య సందులు తెరుచుకుని తెల్లటి దూది బయటికి చూస్తుంది. ముదురు రంగు బొమ్మ అయితే మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇక విప్పడం. ఒకసారి విప్పితే పర్లేదు. రెండు మూడుసార్లయ్యాక దారం మీద సన్నటి నూగు లేస్తుంది, పక్క కుట్టు నూగుతో పెనవేసుకుంటుంది. లాగితే రాదు, చిక్కు పడుతుంది, చివరికి కత్తెర. వాడే కొద్దీ బొమ్మ మీద ఉండలు కూడా కడుతుంది. చవక రకాల్లో ఇది ఇంకా ఎక్కువ. ఇంకో సంగతి మన ఊరివాళ్లకే తెలుస్తుంది: ఏప్రిల్ మధ్యాహ్నం, కరెంటు పోయి, అరచేతులు చెమట పట్టినప్పుడు అక్రిలిక్ దారం వేలికి అంటుకుని జరగదు. నేను కాటన్‌కి మారింది మొదట ఆ విసుగుతోనే. మిగతా కారణాలు తర్వాత తెలిశాయి.

కాటన్‌తో మొదటి రోజు మాత్రం నచ్చదు. ముందే చెప్తున్నా. బిర్రుగా ఉంటుంది, సాగదు. కుట్టు బిగిస్తే హుక్ దూరదు. మొన మరీ సూదిగా ఉన్న హుక్ అయితే దారంలో దూరి పోగులు చీలుస్తుంది. గంటసేపు అల్లితే చూపుడువేలు మీద గీత పడుతుంది. నేను మొదటివారం రెండుసార్లు గిరాటేశాను.

రెండో వారంలో తేడా తెలిసింది. మీగడ రంగు కాటన్‌తో వేసిన ఒక చుట్టుని కిటికీ దగ్గర పెట్టి చూడండి. ఒక్కో 'వి' ముగ్గులో చుక్కలా విడిగా నిలబడి ఉంటుంది. ఎక్కడ ఒకే కన్నంలో రెండు కుట్లు వేసి పెంచామో, ఎక్కడ ఒకటి వదిలేశామో వేలు పెట్టి చూపించొచ్చు. తప్పు దొరికిందా, కొస పట్టుకుని లాగితే టిక్ టిక్ టిక్ మని ఊడి వచ్చేస్తుంది, మళ్లీ అల్లితే కొత్తగానే ఉంటుంది. ఎన్నిసార్లయినా విప్పొచ్చని మాత్రం అనను. ఐదారు సార్లయ్యాక కాటన్ కూడా పురి వదులుతుంది. అంత దారం కత్తిరించి పక్కన పడేసి ముందుకెళ్లడమే. బొమ్మలో దూది కూరినా ఆకారం చెదరదు, గుండ్రటి తల గుండ్రంగానే ఉంటుంది.

నోట్లో పెట్టుకునే పిల్లలకైతే ఇంకో మాట లేదు, కాటనే. నూగు ఊడి నోట్లోకి పోదు. (కళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. వెనక వాషర్‌తో బిగించే ప్లాస్టిక్ కళ్లని 'సేఫ్టీ' కళ్లని అమ్ముతారు. ఆ పేరు చూసి మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకి పెట్టకండి. కొరికితే ఊడొచ్చు. నల్ల దారంతో కళ్లు కుట్టేయండి, అందంగానూ ఉంటాయి.)

కాటన్‌కి అసలు లోటు ఉతకడం దగ్గర ఉంది. నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, లోపలిదాకా ఆరడానికి టైమ్ పడుతుంది. జూలై ముసురులో ఉతికితే ముక్కవాసన ఖాయం. ఎర్రటి, నల్లటి కాటన్ రంగు వదలొచ్చు కూడా. తెల్ల పొట్ట, ఎర్ర రెక్కల కోడిపిల్ల చేయాలనుకుంటే ముందు ఎర్ర దారం ముక్క ఒకటి తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి.

మధ్యేమార్గంగా మిల్క్ కాటన్ అని ఒకటి దొరుకుతోంది. పాలతో చేస్తారా అని మా అమ్మ కూడా అడిగింది. షాపుల్లో ఆ పేరుతో ఉండేది ఎక్కువగా కాటన్, అక్రిలిక్ కలిపిన దారమే, లేబుల్ తిప్పి చూస్తే పాళ్లు తెలుస్తాయి. కాటన్ అంత బిర్రు కాదు, అక్రిలిక్ అంత నూగు లేదు, రంగులు మాత్రం చాలా బాగుంటాయి. నాలుగైదు పోగులు వదులుగా పురి పెట్టి ఉండటంతో హుక్ తరచూ మధ్యలో దిగుతుంది, అదొక్కటే నా ఫిర్యాదు. చేతినొప్పి ఉన్నవాళ్లు దీంతో మొదలుపెట్టొచ్చు, నేను అడ్డం చెప్పను.

మిగిలినవి రెండు ముక్కల్లో. అసలు గొర్రె ఊలు ఖరీదెక్కువ, మన ఎండకి ముట్టుకోబుద్ధి కాదు. టీషర్ట్ దారం బుట్టలకి బాగుంటుంది, బొమ్మలకి కాదు. అమ్మమ్మ లేసు దారంతో చేస్తే గోరంత ఏనుగు వస్తుంది, దానికి అమ్మమ్మ చేతులు కావాలి.

దారం మారితే బొమ్మ సైజు మారుతుందన్నది చాలామంది పట్టించుకోరు. అదే 36 కుట్ల తల సన్న కాటన్‌తో, 2.5 మిల్లీమీటర్ల హుక్‌తో వేస్తే నాకు 6 సెంటీమీటర్ల వెడల్పు వచ్చింది. వెల్వెట్‌తో 12 దాటింది. కాబట్టి "ప్యాటర్న్‌లో నాలుగంగుళాలు అని రాశారు, నాకు పెద్ద గుమ్మడికాయ వచ్చింది" అంటే తప్పు మీది కాదు. హుక్ మాత్రం లేబుల్ మీద రాసినదానికంటే ఒకటి రెండు సైజులు చిన్నది తీసుకోండి. ఆ సైజులు స్వెటర్లకీ శాలువాలకీ, మనకి సందులు లేని బిగువు కావాలి.

దారాన్ని తిట్టే ముందు ఇంకోటి చూసుకోండి. అమెరికా ప్యాటర్న్‌లో సింగిల్ క్రోషే అన్నది బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అవుతుంది. మా ఆఫీసులో ఒకావిడ బ్రిటిష్ ప్యాటర్న్ పెట్టుకుని అమెరికా డబుల్ వేస్తూ పోయింది. కుట్లు పొడుగ్గా వచ్చి బొమ్మంతా జల్లెడలా తయారైంది. పాపం మూడు రకాల దారం మార్చింది.

కొనేటప్పుడు లేత రంగు, ఒకే రంగు తీసుకోండి. నలుపు, నేవీ బ్లూ రాత్రి ట్యూబ్‌లైట్ కింద కాటన్ అయినా కనపడవు. రెండు ఉండలు కావాలంటే లేబుల్ మీద లాట్ నంబర్ రెండింటికీ ఒకటే ఉందో లేదో చూడండి, లేకపోతే తల ఒక ఛాయ, ఒళ్లు ఒక ఛాయ వస్తాయి. మొదటి బొమ్మగా తిమింగలమో కోడిపిల్లో చేయండి. కాళ్లూ చేతులూ విడిగా అల్లి అతికించడం అల్లడంకన్నా కష్టం, నా ఏనుగు నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులు చూస్తాయి.

పై ఫ్లోర్ అమ్మాయి వెల్వెట్ ఉండల్ని దాచిపెట్టి మీగడ రంగు కాటన్ ఒకటి తెచ్చుకుంది. నిన్న రాత్రి పదింటికి ఫొటో పంపింది, 36 బదులు 38 వచ్చాయట. విప్పమన్నాను. నా గులాబీ కుందేలుకి ఇప్పటికీ చెవులు లేవు. పుట్టినరోజుకి బట్టల షాపు నుంచి గౌను కొనిచ్చేశాను. కుందేలుని అమ్మమ్మ పాలకొల్లు పట్టుకెళ్లింది. లేసు అల్లేటప్పుడు మోచేతి కింద పెట్టుకుంటే సుఖంగా ఉందట.