శోధగంగ: నా సిద్ధాంత గ్రంథం ఊరికి చేరిన దారి

జముకు వాయిస్తూ పాడి చెప్పే జముకుల కథల మీద పీహెచ్‌డీ చేసేటప్పుడు విజయనగరం జిల్లాలో ఒక పెద్దాయన మూడు రాత్రులు నన్ను కూర్చోబెట్టుకుని కథ మొత్తం చెప్పాడు. పట్టా వచ్చాక ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "మా అయ్య పేరు అందులో ఉందంట గదమ్మా, ఆ బుక్కు ఎక్కడ దొరుకుతాది?"

నాకు జవాబు వెంటనే రాలేదు. అప్పటికే నా సిద్ధాంత గ్రంథాన్ని ఒక ప్రచురణ సంస్థకు ఇచ్చేశాను. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) వస్తుంది, ప్రమోషన్‌కు పనికొస్తుంది అన్నారు. 18,000 రూపాయలు కట్టాను, పది కాపీలు ఇచ్చారు. ప్రూఫులు చూసిన నాథుడు లేడు. వెల 1,200. నా పుస్తకంలోని అధ్యాయాన్ని నేను మరోచోట అచ్చు వేయించుకోవాలన్నా ఆ సంస్థ అనుమతి కావాలి. అసలు 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ రచయితకు కొంత అండగానే ఉంది. హక్కులు రాసిచ్చే పత్రంలో గడువు చెప్పకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. నేను సంతకం పెట్టిన కాగితంలో మాత్రం 'ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం' అని స్పష్టంగా రాసి ఉంది. మన దేశంలో అంటే నేను పోయాక కూడా 60 ఏళ్లు. చదవకుండా సంతకం పెట్టాను. మీరు అలా పెట్టకండి, దయచేసి.

ఆ పెద్దాయన కొడుక్కి ఇవ్వగలిగింది శోధగంగ ఒక్కటే. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలను కలిపే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఈ ఆన్‌లైన్ భాండారంలో దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో ఉన్నాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల పుణ్యమా అని నాదీ అక్కడికి చేరింది. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. అక్కడ పెట్టినందుకు నా కాపీరైట్ ఎవరికీ రాసివ్వలేదు.

వాడేవాళ్లకు రెండు మాటలు. తెలుగు గ్రంథాల కోసం తెలుగు లిపిలోనూ, ఇంగ్లిషు అక్షరాల్లోనూ వెతకండి, ఒకదానికి దొరకనిది రెండోదానికి దొరుకుతుంది. చాలావాటిలో ఒక్కో అధ్యాయం ఒక్కో పీడీఎఫ్‌గా ఉంటుంది. ఫోన్‌లో చదివేవాళ్లకు అదే సుఖం, కావలసిన భాగమే దించుకోవచ్చు. కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన పాత గ్రంథాల్లో మాత్రం మాట వెతకడం కుదరదు, ముందు విషయసూచిక తెరిచి చూసుకోవాలి.

అతనికి నాలుగో అధ్యాయం లింకు వాట్సాప్‌లో పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. తండ్రి పేరు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారట. తర్వాత కాస్త మొహమాటపడుతూ అన్నాడు: "రెండో పాటలో ఒక చరణం తిరగబడిందమ్మా. మా అయ్య అలా పాడడు."

ఫోన్‌లోనే పాడించుకుని, సరైన వరస రాసుకున్నాను.